ఎవరో సగంలో వదిలేసిన క్విల్టు

సూది–దారం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. అమెరికాలో ఉంటున్న మన పాఠకులకు పాత క్విల్టు బ్లాకులు కట్టలు కట్టలుగా దొరుకుతున్నాయి, వాటితో ఏం చెయ్యాలో తెలియడం లేదు. కొత్తవారికి ఒక్కమాట. క్విల్టుకు మూడు పొరలు: పైన ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ, మధ్య దూది పొర (బాటింగ్), కింద అస్తరు. పైపొరను చదరాలు చదరాలుగా కుట్టి, చివర్లో కలుపుతారు. ఆ ఒక్కో చదరమే బ్లాకు.

ప్రశ్న (డాలస్ నుంచి): పాత బ్లాకులు ఎక్కడ వెతకాలి? ఆన్‌లైన్‌లో ఒక కట్ట నచ్చింది. కొనేముందు ఏమేం అడగాలి?

మొదట చూడాల్సింది ఎస్టేట్ సేల్స్. ఇల్లు ఖాళీ చేసే ఈ అమ్మకాల్లో బ్లాకులు హాల్లో బల్ల మీద కనపడవు. కుట్టుమిషన్ సొరుగులో, అలమర పైఅరలో, చెప్పుల అట్టపెట్టెల్లో, బిస్కెట్ డబ్బాల్లో చూడండి. మీకు హ్యూస్టన్, ఆస్టిన్‌ల మధ్య ఉన్న రౌండ్ టాప్ అనే చిన్న ఊరు మరీ దూరం కాదు. అక్కడ వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి పాత సామాన్ల పెద్ద సంత జరుగుతుంది. తూర్పు తీరంవాళ్లకు మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ సంత ఉంది. అది మే, జులై, సెప్టెంబర్ నెలల్లో.

ఆన్‌లైన్‌లో ‘ఆర్ఫన్ బ్లాక్స్’ అన్న మాటతో కూడా వెతకండి. జత లేకుండా మిగిలిపోయిన బ్లాకుల్ని అలా అంటారు. ‘అన్‌ఫినిష్డ్ టాప్’ అంటే బ్లాకులన్నీ అప్పటికే కలిపేసిన పైపొర. ‘కట్టర్ క్విల్ట్’ అంటే చిరిగిపోయి, ముక్కలు కోసుకోవడానికి తప్ప పనికిరాని పూర్తి క్విల్టు. మీకు కావలసింది మొదటిది.

అమ్మేవారిని అడగాల్సింది ముందువైపు ఫొటో కాదు, వెనకవైపుది. అతుకుల దగ్గర మార్జిన్ ఎంత వదిలారో అక్కడే తెలుస్తుంది. క్విల్టు పనిలో మార్జిన్ పావు అంగుళం. పాత చేతికుట్టులో అది అక్కడక్కడా పరకలోకి, అంటే అంగుళంలో ఎనిమిదో వంతులోకి దిగుతుంది. అంతకన్నా తక్కువుంటే ఆ అతుకు దుప్పటి బరువుకు ఆగదు. ఇంకా, అన్నిటికన్నా పెద్ద బ్లాకు ఎంత, చిన్నది ఎంత, సిగరెట్ వాసన ఉందా అని అడగండి. కలరా ఉండల వాసన నీడలో గాలికి రెండు మూడు వారాలు ఆరేస్తే తగ్గుతుంది. పొగ వాసన అంత తేలిగ్గా వదలదు.

కట్ట చేతికొచ్చాక చేసే పరీక్ష ఒకటుంది. ముక్కను రెండు బొటనవేళ్లతో అంగుళం ఎడంలో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ లాగండి. తర్వాత వెలుతురుకు ఎత్తి పట్టండి. జల్లెడలా చుక్కలు కనిపించినా, ‘పిట్’మని చిన్న చప్పుడు వచ్చినా ఆ గుడ్డ చీకిపోయినట్టే. ముందు నలుపు, ముదురు గోధుమ రంగు ముక్కల్ని చూడండి. ఆ రంగులు నిలవడానికి పూర్వం ఇనుప లవణాలు వాడేవారు. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. పక్కనున్న గులాబీ ముక్క కొత్తదానిలా ఉండి, గోధుమ ముక్క ఒక్కటే పొడిగా రాలిపోవడం అందుకే.

ప్రశ్న (అట్లాంటా నుంచి): అమ్మినావిడ ఇవి 1930ల నాటివని చెప్పింది. నమ్మొచ్చా?

ఒకే సూత్రం: బ్లాకులో అన్నిటికన్నా కొత్త గుడ్డ ఏదో దాన్ని బట్టే బ్లాకు వయసు. తొమ్మిది ముక్కలు 1930ల నాటివై, పదోది పాలిస్టర్ కలిసిన 1970ల గుడ్డ అయితే, బ్లాకు 1970లదే. అనుమానం ఉన్న ముక్క మార్జిన్ నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా అవుతుంది.

1930ల్లో దాణా, పిండి వచ్చే సంచుల్నే పూల అచ్చు వేసిన నూలుగుడ్డతో కుట్టి అమ్మేవారు; ఇళ్లలో ఆడవాళ్లు వాటిని విప్పి గౌన్లకూ, క్విల్టులకూ వాడుకునేవారు. ఆ సంచి గుడ్డ ఇవాళ్టి క్విల్టు గుడ్డకన్నా కాస్త మోటుగా, నేత వదులుగా ఉంటుంది. ముక్క అంచున వరుసగా పెద్ద పెద్ద సూదిరంధ్రాలు కనిపిస్తే అది సంచి అంచు కావచ్చు, గొలుసుకుట్టు విప్పిన గుర్తు. రంధ్రాలు ఒక్కటీ చూసి తేల్చెయ్యకండి, గుడ్డ బరకదనం కూడా కలవాలి. నమూనా పేరును బట్టి ఏడాది చెప్పేవారిని మాత్రం అసలు నమ్మకండి. కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక 1928 నుంచి 1961 దాకా క్విల్టు నమూనాలు అచ్చువేసింది. కత్తిరించి దాచుకున్నవాళ్లు ఎప్పుడు కుట్టారన్నది ఎవరికి తెలుసు?

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి): బ్లాకులు పసుపెక్కి ఉన్నాయి. కుట్టేముందు వాషింగ్ మెషీన్‌లో వెయ్యొచ్చా?

వద్దు. కలపని బ్లాకుకు నాలుగువైపులా తెగిన అంచులే. మెషీన్ తిప్పుడుకు పోగులు ఊడి, పావు అంగుళం మార్జిన్ కాస్తా సగానికి వస్తుంది. ముక్కిన వాసన, ధూళి భరించలేనంతగా ఉంటేనే ఉతకండి. లేకపోతే క్విల్టు పూర్తయ్యాకే ఉతకడం మంచిది. మూడు పొరల కుట్టు అప్పుడు పాత గుడ్డను కాపాడుతుంది.

ఉతకక తప్పదంటే ముందు రంగు పరీక్ష. తెల్ల గుడ్డను చన్నీళ్లలో తడిపి, ప్రతి రంగు మీదా నిమిషం సేపు అదిమి చూడండి. తర్వాత అదే గుడ్డకు సబ్బునీటి చుక్క పెట్టి మళ్లీ చూడండి. ఎరుపు, ముదురు నీలం, ఊదా రంగుల మీద ఓ కన్నెయ్యండి. ఒక్క రంగు దిగినా ఆ బ్లాకును నీళ్లలో పెట్టకండి.

రంగు దిగనివాటిని ఒక్కొక్కటిగా రెండు నైలాన్ వల ముక్కల మధ్య పెట్టి, చుట్టూ పెద్ద పెద్ద కచ్చాకుట్లు వెయ్యండి. వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు, రంగూ సువాసనా లేని మెత్తని ద్రవ సబ్బు కొద్దిగా. ఇరవై నిమిషాలు నాననిచ్చి, అరచేత్తో కిందికి అదమాలి. రుద్దకూడదు, పిండకూడదు. టీ రంగు నీళ్లు వస్తాయి, కంగారు పడకండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చండి. తీసేటప్పుడు వలతో సహా తియ్యండి. తడి బ్లాకును ఒక మూల పట్టుకుని ఎత్తితే నీటి బరువుకే కుట్లు తెగుతాయి. తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టండి. క్లోరిన్ బ్లీచ్ జోలికి వెళ్లకండి. మచ్చ పోతుంది, దానితోపాటు గుడ్డ పటుత్వమూ పోతుంది. నిజానికి ఆ పసుపు పెద్ద సమస్య కాదు. పక్కన కొత్త తెల్ల గుడ్డ పెడితేనే అది మురికిలా కనపడుతుంది. కోరా రంగో, మీగడ రంగో పెట్టండి, బ్లాకే తెల్లగా కనిపిస్తుంది.

ప్రశ్న (కొలంబస్, ఒహాయో నుంచి): 20 చర్న్ డాష్ బ్లాకులు దొరికాయి, అన్నీ చేతికుట్టు. 12 అంగుళాలవి అన్నారు గానీ ఏ రెండూ ఒక కొలత లేవు. చిన్నది 11¾, పెద్దది 12½. అన్నిటినీ చిన్నదాని కొలతకు కోసెయ్యమంటున్నారు. కోసెయ్యనా?

కోయకండి. చర్న్ డాష్ అంటే మన మజ్జిగ కవ్వమే. నాలుగు మూలల్లో త్రిభుజాలుంటేనే ఆ ఆకారం. వాటి కొసలు బ్లాకు అంచును తాకుతుంటాయి. అంచు ముప్పావు అంగుళం కోస్తే ముందు పోయేవి ఆ కొసలే. పైగా చేతికుట్టు కాబట్టి కోసినచోట కుట్టు ముడి తెగి, అతుకు అక్కడినుంచి విడిపోతూ వస్తుంది. పాత బ్లాకును కొలతకు తేవడం కాదు, దాని చుట్టూ కొత్త గుడ్డను కొలతకు తేవాలి. బ్లాకుకు చట్రం కట్టి, చట్రాన్ని కోయాలి.

ముందు ఒక పని ఉంది. చేతికుట్టులో చాలామంది మార్జిన్ చివరిదాకా కుట్టరు, పావు అంగుళం ముందే ఆపేస్తారు. అందుకని ప్రతి బ్లాకు చుట్టూ, అంచుకు పరక అంగుళం లోపల, మిషన్ మీద ఒక వరస కుట్టు వెయ్యండి. సూది 70/10, దారం 50 నంబరు నూలు, కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లు. వేసేటప్పుడు గుడ్డను లాగొద్దు; అంచు అలలు తేలితే పలచటి గంజినీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టెను రుద్దకుండా పైనుంచి అదిమి, ఆ తర్వాత కుట్టండి.

ఇక చట్రం. 1½ అంగుళాల వెడల్పు పట్టీలు కోసి నాలుగువైపులా కుట్టండి: ముందు ఎదురెదురు రెండు వైపులు, ఇస్త్రీ, తర్వాత మిగతా రెండు. పావు అంగుళం మార్జిన్‌తో 11¾ బ్లాకు 13¾ అవుతుంది, 12½ బ్లాకు 14½ అవుతుంది. ఇప్పుడు అన్నిటినీ 13½కి కోయండి. స్కేలు అంచును బ్లాకు అంచుకు ఆనించకండి. బ్లాకు నడిమధ్య చదరం స్కేలు గీతల మధ్యకు వచ్చేలా పెట్టి కోయండి. కుట్టాక పెద్ద బ్లాకు చుట్టూ చట్రం అర అంగుళం, చిన్నదాని చుట్టూ దాదాపు ముప్పాతిక పైచిలుకు కనపడుతుంది. చట్రం గుడ్డ బ్లాకుల నేల రంగుకు దగ్గరగా ఉంటే ఈ తేడా చూసేవారి కంటికి ఆనదు. ముదురు రంగు పెట్టారో, ప్రతి తేడా వేలెత్తి చూపుతుంది.

ఇప్పుడు ప్రతి బ్లాకు కుట్టాక 13 అంగుళాలు. అడ్డానికి 4, నిలువుకు 5 పెట్టండి. మధ్యన, చుట్టూ 2 అంగుళాల పట్టీలు, పట్టీలు కలిసేచోట చిన్న చదరాలు. పట్టీలు 2½ × 13½ కొలతతో 49, చదరాలు 2½ కొలతతో 30 కోయాలి. ఇక్కడిదాకా 62 × 77 అంగుళాలు వస్తుంది. చుట్టూ 4 అంగుళాల అంచు కడితే 70 × 85, ఒకరు కప్పుకోవడానికి దండి. కుట్టేటప్పుడు మార్జిన్‌ను ఎప్పుడూ పట్టీ వైపుకే ఇస్త్రీ చెయ్యండి. బ్లాకు వైపు ఇప్పటికే అతుకుల మీద అతుకులున్నాయి, ఇంకా లావు చెయ్యొద్దు. ఇలా చేస్తే చిన్న చదరాల దగ్గర మార్జిన్లు ఎదురెదురు దిశల్లో పడి, మూలలు వాటంతటవే కుదురుకుంటాయి.

గుడ్డ లెక్క, 42 అంగుళాల పన్నాకు: చట్రాలకు గజమున్నర, పట్టీలకు గజంబావు, చదరాలకు పావు గజం (మిగులుతుంది), అంచుకు గజంబావు, చివరి గోటుకు ముప్పావు గజం. గోటుకు 2½ అంగుళాల పట్టీలు 9 కావాలి. అస్తరు పైపొరకన్నా ప్రతివైపూ 4 అంగుళాలు ఎక్కువుండాలి, అంటే 78 × 93. రెండు నిలువు ముక్కలు కలపాలి కాబట్టి అయిదుంబావు గజాలు.

అంచు కట్టేముందు నిలువు కొలతను పైపొర మధ్యలోంచి తీసుకోండి, పక్కనుంచి కాదు. పక్కలు ఈపాటికి సాగి ఉంటాయి. సాగిన కొలతకు అంచు కోస్తే దుప్పటి చివర్లు అప్పడంలా లేస్తాయి.

ప్రశ్న (సియాటిల్ నుంచి): డ్రెస్డెన్ ప్లేట్ (రేకుల్ని పళ్లెంలా గుండ్రంగా కలిపి నేలగుడ్డ మీద కుట్టే నమూనా) బ్లాకుల నడుమ బుడగలా లేచి ఉంది. ఇస్త్రీకి లొంగడం లేదు. క్విల్టింగ్‌లో, అంటే మూడు పొరల్నీ కలిపి కుట్టేటప్పుడు, సర్దుకుంటుందా?

కొంచెం ఉంటే సర్దుకుంటుంది. అరచేత్తో నొక్కితే ముడత మడత పడకుండా అణిగిపోయేది క్విల్టింగ్‌లో అణుగుతుంది. మడత పడిందంటే విప్పాల్సిందే. ముందు ప్లేటును నేలగుడ్డ నుంచి ఊడదీయండి. నేలగుడ్డతో సహా లాగి కుట్టడం వల్లే ఎక్కువసార్లు ముడతలొస్తాయి. తర్వాత 20 రేకుల ప్లేటులో ఒకే అతుకు దగ్గర అంతా లోపలికి తీసుకోకండి, ఆ రేకు ఒక్కటే సన్నబడి పన్ను ఊడిన నోరులా కనపడుతుంది. నాలుగైదు అతుకుల్లో ఒక్కోచోట నూలుపోగంత మాత్రం లోపలికి కుట్టండి.

మధ్య పొరకు పలచటి నూలు బాటింగ్ వాడండి. ఎత్తుగా ఉబ్బే పాలిస్టర్ బాటింగ్ ముడతను దాస్తుందని కొందరంటారు, నిజమే. కానీ అది పాత గుడ్డను లోపలినుంచి బిగదన్ని అతుకుల మీద భారం వేస్తుంది. మా ఓటు నూలుకే. బాటింగ్ అట్ట మీద కుట్టు వరసల మధ్య ఎంత దూరం ఉండొచ్చో రాసి ఉంటుంది. ఇప్పటివి కొన్ని 8 అంగుళాల ఎడానికీ ఆగుతాయి. అలాగని అంత వదలకండి. పాత గుడ్డకు ప్రతి 2, 3 అంగుళాలకొక వరస ఉంటేనే బరువు సమంగా పంచుకుంటుంది.

క్విల్టింగ్ చేత్తోనా, లాంగ్‌ఆర్మ్ మిషన్‌కి (క్విల్టింగ్ చేసే పెద్ద మిషన్) ఇవ్వాలా అని కూడా అడిగారు. అతుకులు గట్టివైతే మిషన్‌కి ఇవ్వండి, కానీ బుడగల సంగతి ముందే చెప్పండి, చెప్పకపోతే మిషన్ పాదం ఆ ముడతను తొక్కుకుంటూ పోతుంది. చేత్తో అయితే 9 లేదా 10 నంబరు పొట్టి క్విల్టింగ్ సూది, అంగుళానికి 6 నుంచి 8 కుట్లు, నడుమ మొదలుపెట్టి బయటికి. కుట్టేముందు మూడు పొరల్నీ పిడికెడు దూరానికొక పిన్నీసు చొప్పున పట్టి ఉంచండి.

ప్రశ్న (శాన్ హోసె నుంచి): ఆరుకోణాల ముక్కలతో కుట్టిన పువ్వులు దొరికాయి. వెనక ఇంకా కాగితాలున్నాయి. తీసెయ్యనా?

తీసేముందు చదవండి. పాత ఉత్తరాలు, వార్తాపత్రికలు, కరెంటు బిల్లులు కోసి వాడేవారు. తారీఖున్న ముక్క దొరికితే బ్లాకు అంతకన్నా పాతది కాదని రుజువైనట్టే. ఫొటో తీసి పెట్టుకోండి.

ఈ నమూనా గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్. నడుమ 1, చుట్టూ 6, దాని చుట్టూ 12, మొత్తం 19 ముక్కలు ఒక పువ్వు. పువ్వులు కలపడానికి మధ్యన 18 ముక్కల బాట వస్తుంది; పక్కపక్క పువ్వులు ఆ బాటను పంచుకుంటాయి కాబట్టి లెక్క తగ్గుతుంది. ముక్కకు ఆరువైపులా అతుకు పడ్డాకే దాని కాగితం తియ్యాలి. బయటి వరస ముక్కల్లో కాగితం ఉండనివ్వండి. ముందే లాగితే క్రాసులో తెగిన అంచులు సాగి, కొత్త ముక్క కలవదు. కొత్త ముక్కల కాగితాన్ని కొలిచేటప్పుడు పాత పువ్వులోంచి మూడు నాలుగు ముక్కల భుజాలు కొలిచి సగటు తీసుకోండి. చేత్తో కోసినవి, ఒక్కటి నమ్మితే మోసపోతారు. కలిపేది సన్నని అంచుకుట్టుతో. సూదికి రెండు మూడు పోగులకు మించి పట్టకూడదు, లేకపోతే కుట్టు ముందువైపు పళ్లలా కనపడుతుంది.

ప్రశ్న (రిచ్‌మండ్ నుంచి): బ్లాకుల మధ్యలో ఇంకుతో పేర్లు, ఊర్లు, 1840ల తారీఖులు ఉన్నాయి. వీటినీ కలిపి కుట్టొచ్చా?

దయచేసి కుట్టకండి, ఉతకకండి. ఆ కాలపు చాలా ఇంకుల్లోనూ ఇనుముంది, అక్షరాలున్నచోటే గుడ్డ చిల్లు పడుతుంది. ఆమ్లం లేని టిష్యూ కాగితంలో మడత పడకుండా చుట్టి ఉంచి, ఫొటోలతో ఆ ఊరి చరిత్ర సంఘానికి రాయండి. నెబ్రాస్కాలోని లింకన్‌లో 1997లో మొదలైన అంతర్జాతీయ క్విల్టు మ్యూజియం ఉంది. ‘క్విల్ట్ ఇండెక్స్’ అనే ఆన్‌లైన్ జాబితాలో అలాంటి పేర్ల క్విల్టులు పోల్చి చూసుకోవచ్చు. ఇంకు కాకుండా దారంతో పేర్లు కుట్టిన 1930ల బ్లాకులైతే సంగతి వేరు. చర్చి చందాల కోసం కుట్టినవి చాలా ఉంటాయి, గుడ్డ గట్టిగా ఉంటే నిక్షేపంగా కలుపుకోవచ్చు.

ప్రశ్న (హనుమకొండ నుంచి): ఈ అమెరికా బ్లాకులు మాకెక్కడివి? మా నానమ్మ పాత చీరముక్కలతో కుట్టి ఆపేసిన బొంత పైపొర ఒకటి ఉంది. దాన్ని పూర్తి చేసే దారి చెప్పండి.

దారి అదే, దూది పొర మాత్రం అక్కర్లేదు. బొంతకు లోపల ఉండేదీ పాత చీరలే. ముందు బొటనవేళ్ల పరీక్ష చెయ్యండి. చీకిన ముక్కను ఊడదీయకండి. పైన మెత్తటి పాత నూలుచీర ముక్క పెట్టి, అంచులు లోపలికి మడిచి మాసిక వెయ్యండి. జరీ అంచు ముక్కలుంటే వాటి మీదుగా కుట్టు పోనివ్వకండి, జరీ తీగ దారాన్ని కోసేస్తుంది, పక్కనుంచి తిప్పండి. పాలిస్టర్ చీర ముక్క దొర్లిందేమో పైన చెప్పినట్టు పోగు కాల్చి చూడండి. నూలు ముక్కలు ఉతుకులో కుంచించుకుని అది కుంచించుకోక, ఆ ఒక్కచోట సంచిలా వేలాడుతుంది.

లోపలికి బాగా ఉతికి మెత్తబడ్డ నూలుచీరలు మూడు పొరలు చాలు, పైపొర, అస్తరుతో కలిపి అయిదు. అంతకు మించితే సూది దిగదు, వేళ్లు పుండ్లవుతాయి. పొరల్ని నేలమీద పరిచి, మూలల్లో బరువులు పెట్టి, జానెడు దూరానికొక వరస కచ్చాకుట్టు వెయ్యండి. తర్వాత నాలుగు అంచులూ మడిచి కుట్టి, వేలెడు ఎడంలో చుట్టూ చదరంగా తిరుగుతూ లోపలికి రండి. లోపల గుడ్డ ఉబ్బితే ఆ వైపు కచ్చాకుట్టు విప్పి, పొరను చేత్తో సర్ది, మళ్లీ మొదలుపెట్టండి. దారం రెండు పేటలు వెయ్యండి, మూర పొడవుకు మించి తియ్యకండి. పొడవు దారం ముక్క మీద ముక్క దాటేటప్పటికి పురి విప్పుకుని తెగుతుంది.